రేపొస్తదన్న కంప్యూటర్

వెంకట్రాజం చెడ్డవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు నిమ్మళంగా ఉంటుంది, ఎందుకంటే ఇకమీదట నేను అతన్ని చాలా తిట్టబోతున్నాను.

హన్మకొండలో మా విత్తనాల సహకార సంస్థలో అతనూ నేనూ పక్కపక్క కుర్చీల్లో పనిచేస్తాం. నేను టైపిస్టుగా చేరాను. ఎనభై ఏడులో సంస్థ కంప్యూటర్ కొనేసరికి, "శకుంతలమ్మా, ఇది కూడా టైపు మిషను లాంటిదే" అని మా మేనేజరు రాజేశ్వర్ రావు గారు నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. టైపు మిషను తిరిగి మాట్లాడదని ఆయనకు ఎవరు చెప్పాలి? వెంకట్రాజం మాత్రం కంప్యూటర్ ఆపరేటర్‌గానే చేరాడు. అయితే అతనిది టెంపరరీ పోస్టు.

అతని సంగతి తెలియాలంటే ముందు వాళ్ళ దుకాణం సంగతి తెలియాలి. చౌరస్తా దగ్గర వీరమల్లయ్య సేటు కిరాణా దుకాణం అంటే తెలియనివాళ్ళు లేరు. ఆ సేటు వెంకట్రాజానికి తండ్రి. ఆ దుకాణంలో "లేదు" అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఆ మాట చెవిన పడితే లక్ష్మీదేవి మూట సర్దుకుని పోతుందని సేటు నమ్మకం. ఇందులో మరీ వింతేం లేదు. మా అమ్మ కూడా బియ్యం డబ్బా అడుగు గీరుతూ "బియ్యం నిండుకున్నయి" అనేది, మీ అమ్మా అనే ఉంటుంది. అయిపోయినదాన్ని నిండుకుందనే జాతి మనది. సేటు దాన్ని ఇంకొంచెం ముందుకు లాక్కుపోయాడు, అంతే. సరుకు అయిపోతే "నిండుకున్నది". అసలెప్పుడూ తేని సరుకు అడిగితే "రేపొస్తది". ఒకసారి మేడారం జాతరకు పోయేవాళ్ళెవరో ఎగతాళికి "సేటూ, ఎడ్లబండి గిల్లలున్నయా?" అని బండిచక్రాలు అడిగితే ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, "రేపొస్తయి" అన్నాడు. నవ్వలేదు కూడా.

వెంకట్రాజం బీకాం చదువుతూ సాయంత్రాలు ఆ గల్లా దగ్గర కూర్చునేవాడు. మడికొండ నుంచి సమ్మమ్మ అనే ముసలామె కందిలి లాంతరుకు గ్లాసు కావాలని వచ్చేది. ఆమె కందిలి పాతకాలపుది. దానికి సరిపడే గ్లాసు సేటు ఎన్నడూ తెప్పించలేదు, తెప్పించే ఉద్దేశమూ లేదు. కానీ "రేపొస్తదని చెప్పురా" అని కొడుకు చేత చెప్పించేవాడు. ఆమె మర్నాడు వచ్చేది. ఎండలో వచ్చేది, వానలో కొంగు నెత్తిన వేసుకుని వచ్చేది. కుర్రవాడు తల ఎత్తకుండా "రేపొస్తది అవ్వా" అనేవాడు. కొన్నాళ్ళకు ఆమె రావడం మానేసింది.

"సచ్చిపోయిందేమో అక్కా, చీకట్లనే" అన్నాడు ఒకసారి టీ తాగుతూ.

"ఏం సావలే. కాజీపేటల కొనుక్కున్నది. మాది మడికొండనే, నాకెర్కే" అన్నాను.

అయినా అతని మొహం తేటపడలేదు. అతను గల్లా నుంచి పారిపోయి ఉద్యోగంలో చేరింది జీతం కోసం కాదని నాకు అప్పుడే తెలిసింది. సేటు కూడా ఊరికే వదల్లేదు, షరతు పెట్టాడు. దసరా నాటికి పోస్టు పర్మనెంటు అయితే సరే, కాకుంటే దసరా వెళ్ళిన మర్నాడు వచ్చి గల్లా దగ్గర కూర్చోవాలి. వెంకట్రాజం ఒప్పుకున్నాడు. ఆ గల్లా మాట తలచుకుంటేనే అతనికి అన్నం సయించేది కాదు.

ఇక ఆ కంప్యూటర్. చల్లటి గదిలో బీరువా అంత యంత్రం, దానికి తోకల్లా తీగలు, తీగల చివర నాలుగు తెరలు. యూనిక్స్ అనే పద్ధతి మీద నడుస్తుందని చెప్పారు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. మనం ఒక మాట టైపు చేస్తే అది ఒక పని చేస్తుంది. మాటలో ఒక్క అక్షరం తప్పితే మాత్రం మొహం మీదే చెప్పేస్తుంది, కనబడలేదు అని. ఫలానా ఫైలు లేదు. ఫలానా డైరెక్టరీ లేదు. నీకు పర్మిషన్ లేదు. లేదు, లేదు, లేదు.

మొదటిరోజు వెంకట్రాజం ఒక అక్షరం తప్పు కొట్టాడు. తెర మీద ఇంగ్లీషులో "నాట్ ఫౌండ్" అని పడింది. అతను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు, వేడి పెనం తగిలినట్టు.

"మొఖం మీదనే లేదంటాంది అక్కా!"

"లేకపోతె లేదనే అంటది. పాట పాడుతదా?" అన్నాను.

అతని బాధ అక్కడితో ఆగలేదు. యంత్రాన్ని బిగించడానికి మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. తెలుగు ముక్క రాదు, మర్యాదస్తుడు. ఆయన పాఠం చెప్తూ, ప్రోగ్రాం మొండికేస్తే "కిల్" అని కొట్టి చంపాలన్నాడు. తల్లి ప్రోగ్రాం ముందు పోతే పిల్ల ప్రోగ్రాం అనాథ అవుతుందన్నాడు. చచ్చినా జాబితాలో పేరు పోనివాటిని జాంబీలంటారనీ, వెనక కనబడకుండా పనిచేసేవాటిని డీమన్లంటారనీ చెప్పాడు. వెంకట్రాజం శ్మశానంలో నిలబడ్డట్టు నా వైపు వంగి గుసగుసగా, "ఇది మిషనా, బొందలగడ్డనా?" అన్నాడు. పొద్దున్నే స్నానం చేసి బొట్టు పెట్టుకొచ్చి "చంపు" అని టైపు చెయ్యడం అతని వల్ల కాలేదు. మొండికేసిన ప్రోగ్రాం దానంతటదే బుద్ధి తెచ్చుకుంటుందని చూస్తూ కూర్చునేవాడు. ఇటువంటి మనిషి దసరాకల్లా పర్మనెంటు ఎట్లా అవుతాడని నేను నెత్తి కొట్టుకునేదాన్ని.

అప్పుడు ఇంజనీరు చుక్క ఫైళ్ళ గురించి చెప్పాడు. ప్రతి మనిషికీ ఆ యంత్రంలో సొంత ఇల్లులాంటి చోటు ఉంటుంది. అందులో పేరుకు ముందు చుక్క ఉన్న ఫైళ్ళు కొన్ని ఉంటాయి. ఫైళ్ళ పేర్లు చూపించమంటే అవి కనబడవు, ప్రత్యేకంగా అడిగితేనే కనబడతాయి. మనం లోపలికి రాగానే యంత్రం ముందు వాటిని చదువుకుని, అందులో మనం ఎట్లా రాస్తే మనతో అట్లా మెలుగుతుంది. ఒక ఆజ్ఞకు మనకు నచ్చిన మారుపేరు పెట్టుకోవచ్చు. పలకరింపు మార్చుకోవచ్చు. యంత్రం అనే మాటలనే జల్లెడ పట్టి వేరే మాటలుగా బయటికి వదలొచ్చు.

"చుక్క పెడితే ఎవలకు కనబడదా?" అని వెంకట్రాజం నాచేత అడిగించాడు. కనబడదన్నాడు ఇంజనీరు.

"దిష్టి చుక్క!" అన్నాడు వెంకట్రాజం. అతని మొహం వెలిగిపోయింది. పసిపిల్లల బుగ్గ మీద పెట్టే చుక్క ఫైళ్ళకూ ఉందంటే, ఈ యంత్రం పూర్తిగా అనాగరికమైనది కాదని అతనికి ధైర్యం వచ్చింది.

అంతే. ఆ వారం అతను ఆఫీసు పని ముట్టలేదు, చుక్క ఫైలు రాసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు. లోపలికి రాగానే తెర మీద "రాండ్రి, కూసోండ్రి" అని పడేది. అందరికీ శాతం గుర్తు ఒకటి కనబడి ఆజ్ఞ కోసం ఎదురుచూసే చోట, అతనికి "ఏం గావాలె?" అని కనబడేది. "కిల్" పేరు "సాగనంపు" అయింది. బయటికి పోవడానికి "లాగౌట్" అని కొట్టాలి. అది మెడపట్టి గెంటినట్టుందని దానికి "వస్త" అని పేరు పెట్టాడు. మనవాళ్ళలో పోయేవాళ్ళు పోతాననరు కదా, వస్తాననే అంటారు. అతను "వస్త" అని కొడితే యంత్రం "మంచిగ పోయిరా" అని ఆరిపోయేది. అతను తెరకు చిన్నగా తల ఊపి లేచేవాడు.

నిజం చెప్పొద్దూ, ఆ "మంచిగ పోయిరా" నాకూ నచ్చింది. నాకు కూడా ఒక చుక్క ఫైలు పెట్టమన్నాను. అయితే ఆ సేటు మర్యాదలు నాకొద్దన్నాను. నా తెర మీద "ఏం గావాలె?" బదులు "ఏంది?" అని ఉండేది. నా గుణానికి అది చాలు.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. ఫైలు చెరపడానికి ఒక ఆజ్ఞ ఉంది, రెండే అక్షరాలు. దుకాణంలో సరుకు పారెయ్యడమంటే అరిష్టం. పుచ్చిన పప్పయినా, పగిలిన పీపా అయినా, సేటు "లోపల పెట్టు" అంటాడు. ఆ దుకాణం లోపలి గదిలో నైజాము నాటి తూకపు రాళ్ళు కూడా ఉన్నాయట. వెంకట్రాజం చెరిపే ఆజ్ఞ పేరు "లోపల పెట్టు" అని మార్చి ఊరుకోలేదు. దాని పనే మార్చేశాడు. చెరపమన్న ఫైలు చెరిగేది కాదు. "లోపల" అనే పేరు గల, చుక్క పెట్టిన, ఎవరికీ కనబడని ఒక అరలోకి పోయి కూర్చునేది.

ఇక యంత్రం అనే "లేదు"లన్నింటికీ జల్లెడ. ఫైలు లేదన్నా, మాట తెలియదన్నా "రేపొస్తది" అని పడాలి. ఫలానాది మిగల్లేదంటే "నిండుకున్నది" అని పడాలి. పర్మిషన్ లేదంటే "పెద్దసారును అడగాలె" అని పడాలి. గల్లా నుంచి పారిపోయి వచ్చిన మనిషి, మా ఆఫీసు కంప్యూటర్‌ను అచ్చంగా వీరమల్లయ్య సేటును చేసి కూర్చోబెట్టాడు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

ఇదంతా అతని ఒక్కడి తెర మీద ఉంటే ఏ గొడవా లేకపోను. రాజేశ్వర్ రావు గారు చూశారు. ఆయనకు ఆ యంత్రం మీద అప్పటికే కోపం. ఒకరోజు ఏదో ఫైలు తెరవబోతే పర్మిషన్ లేదంది. "నా ఆఫీసుల నాకే పర్మిషన్ లేదా?" అని ఆయన ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు వెంకట్రాజం తెర మర్యాదగా మాట్లాడుతుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసులో అందరికీ అదే చుక్క ఫైలు పెట్టమన్నారు.

పెట్టాడు. మర్నాడు రాజేశ్వర్ రావు గారు అదే ఫైలు తెరవబోయారు. "పెద్దసారును అడగాలె" అని పడింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కాసేపు ఆలోచించారు. మా ఆఫీసుకు పెద్దసారు ఆయనే.

"సరే, ఇచ్చిన" అన్నారు తెరతో, గంభీరంగా. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే పడింది.

"ఇచ్చిన అంటున్న గదా!" అన్నారు. నేను నోట్లో కొంగు కుక్కుకుని వరండాలోకి పోయాను. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. పెద్దసారును అడగాలన్న ఇంగితం ఒక యంత్రానికి ఉన్నందుకు లోలోపల పొంగిపోయారు.

జూన్ వచ్చింది. రైతులు విత్తనాల కోసం వస్తున్నారు. నెక్కొండ దగ్గరి పల్లె నుంచి మొగిలయ్య అనే రైతు ఆముదం విత్తనాల కోసం పొద్దున ప్యాసింజరు రైల్లో వచ్చాడు. ఊరి వాళ్ళందరి తరఫునా వచ్చాడు. ఆ ఏడు మాకు పై నుంచి ఆముదం విత్తనాలు రానే లేదు, వచ్చే సూచనా లేదు. కాబట్టి కంప్యూటర్‌లో ఆముదం పేరు మీద ఫైలే లేదు. రాజేశ్వర్ రావు గారు తమ కుర్చీలో ఠీవిగా కూర్చుని ఆ పేరు కొట్టారు. తెర మీద పడింది ఆయనే గట్టిగా చదివారు.

"రేపొస్తది."

మొగిలయ్య దండం పెట్టి వెళ్ళాడు. మర్నాడు వచ్చాడు. "రేపొస్తది." ఆ మర్నాడు వచ్చాడు. "రేపొస్తది." నాకు అనుమానం వచ్చి, స్టోరులో ఒకసారి కనుక్కుందామా సార్ అన్నాను. "స్టోరోళ్ళు అబద్ధం చెప్తరేమో గాని కంప్యూటర్ చెప్పదు శకుంతలమ్మా" అన్నారాయన. వాన పడ్డరోజు మొగిలయ్య తువ్వాల నెత్తిన వేసుకుని, గదిలోకి రాబోతూ, నీళ్ళు కారుతున్నాయని తనే గడప బయట ఆగిపోయాడు.

"ఇయ్యాలన్న అచ్చినయా సారూ?" అన్నాడు అక్కడి నుంచే.

వెంకట్రాజం తల తిప్పి గడప వైపు చూశాడు. ఆ తువ్వాల వైపే చూస్తూ ఉండిపోయాడు. అతను ఎవర్ని చూస్తున్నాడో నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం అతను టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ మూసేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏడ్సుడెందుకు? తీసెయ్యి ఆ జల్లెడ" అన్నాను.

"రేపు తీస్తక్కా" అన్నాడు.

చూశారా? అతనికి చేతకాక కాదు, తెర మీది జల్లెడ చేత్తో తీస్తే పోయేదే. నోటిలో ఉన్నదాన్ని ఎవరు తియ్యాలి?

అతను రేపు తియ్యలేదు. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి మల్లికార్జున్ గారు అనే పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. వెంకట్రాజం పోస్టు ఉంచాలా, పీకెయ్యాలా, పర్మనెంటు చెయ్యాలా తేల్చేది ఆయనే. ఆయన చెప్పే ఒక్క మాట మీద ఆధారపడి ఉంది, ఇతను జీవితమంతా ఎక్కడ కూర్చోబోతున్నాడనేది. జల్లెడ సంగతి మరిచి అతను యంత్రం దుమ్ము తుడవడంలో పడ్డాడు.

మల్లికార్జున్ గారు వచ్చారు, వెంట మద్రాసు ఇంజనీరు కూడా. చెప్పులు గది బయట విడిచి అందరం చుట్టూ నిలబడ్డాం. ఆఫీసరు తెర ముందు కూర్చున్నారు. "రాండ్రి, కూసోండ్రి" అని చూసి కనుబొమ్మలెగరేశారు, కానీ ఏమీ అనలేదు. అన్ని డిపోల స్టాకు రిపోర్టు తీసి చూపించమన్నారు. వెంకట్రాజం కొట్టాడు. యంత్రం కొంచెంసేపు గురగురలాడింది. తర్వాత తెర మీద పడింది.

"జాగ నిండుకున్నది."

జరిగిందేమిటంటే, ఆఫీసులో అందరూ చెరిపామనుకున్నవన్నీ ఇన్నాళ్ళుగా ఆ కనబడని "లోపల" అరలోకి పోయి పేరుకున్నాయి. యంత్రం డిస్కులో ఇక చోటు లేదు. రిపోర్టు రాసుకోవడానికి వీలు లేక, చోటు మిగల్లేదని యంత్రం ఇంగ్లీషులో చెప్పబోయింది. జల్లెడ దాన్ని సేటు భాషలోకి మార్చింది. పాపం, జల్లెడ తప్పేమీ చెప్పలేదు.

రాజేశ్వర్ రావు గారికి మాత్రం "నిండుకున్నది" ఒక్కటే కనబడింది. ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నిండుకున్నయా? లెక్కలన్ని నిండుకున్నయా? మరిపెడ డిపోది? నెక్కొండది?"

"లెక్కలున్నయి సార్" అన్నాడు వెంకట్రాజం. "జాగనే నిండుకున్నది."

"జాగ నిండితే మంచిదే గదయ్యా" అన్నారు ఆఫీసరు. "సామాను బాగున్నట్టు."

"నిండింది సార్, కాని నిండుకున్నది."

"రెండొకటే గదా?"

"కాదు సార్. నిండింది డిస్కు. నిండుకున్నది జాగ."

"డిస్కుల ఉన్నదే జాగ గదా! ఉన్నట్టా, పోయినట్టా?"

"సామాను ఉన్నట్టు సార్. జాగ... నిండుకున్నట్టు."

ఆఫీసరు ఆ మాటను రెండుసార్లు లోపల అనుకుని చూసుకున్నారు. ఇంజనీరు ఇంగ్లీషులో, ఏమైందో ఎవరైనా చెప్పండని బతిమాలుతున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు కట్టయ్యకు ఇందులో ఒక్క మాటే అర్థమై వరండాలోకి పరుగెత్తాడు. "ఇత్తులు నిండుకున్నయట!" అని అతని కేక మాకు లోపలికి వినబడింది. మరుక్షణం వరండాలో కూర్చున్న రైతులంతా ఆ చల్లటి గదిలోకి తోసుకొచ్చారు. అంత గలాభాలోనూ చెప్పులు మాత్రం బయటే విడిచి వచ్చారు, అది చెప్పుకోవాలి.

ఆఫీసరుకు చిర్రెత్తింది. బల్ల మీద చరిచారు. "ఒక్క ముక్కల జెప్పు! జాగ ఉన్నదా, లేదా?"

వెంకట్రాజం నోరు తెరిచాడు. అతని గొంతులో ఆ మాట అటూ ఇటూ తిరగడం నాకు కనబడుతూనే ఉంది. "జాగ... జాగ రేపొ..." అని ఆగిపోయాడు. నుదుటి బొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి జారుతోంది. ఇక వీడి పని అయిపోయింది, గల్లా మీద కూర్చున్నట్టే అనుకున్నాను.

అప్పుడు జనం మధ్య నుంచి మొగిలయ్య ముందుకొచ్చాడు. అరవలేదు, కోపపడలేదు.

"బిడ్డా, జాగ సంగతి నాకెందుకు గాని, ఆముదం ఇత్తులున్నయా లేవా? రేపు రేపంటె తిరుగుతాన్న. మా ఊళ్ళె దున్ని పెట్టుకోని నా మొకం సూస్తాండ్రు. అదును పోతాంది. ఉంటె ఉన్నయను, లేకపోతె లేవను. నేనేమనుకోను."

వెంకట్రాజం మొగిలయ్యను చూశాడు.

"లేవు" అన్నాడు.

ఎంత గట్టిగా అన్నాడంటే ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు. "లేవు కాకా. ఇయ్యాల లేవు. రేపు రావు. ఎల్లుండి రావు. ఈ ఏడు రానే రావు. పెసరో కందో ఏస్కోండ్రి, అవి ఉన్నయి." ఆగలేదు, ఆఫీసరు వైపు తిరిగాడు. "జాగ కూడ లేదు సార్. లేదు. లేనే లేదు!" ఇంకేం లేవో వెతుక్కుంటున్నట్టు గదంతా చూశాడు. రాజేశ్వర్ రావు గారి మీద చూపు ఆగింది. "మీకు పర్మిషన్ లేదు సార్! ఎన్నడు లేకుండె!"

మొగిలయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "గీ ముక్క మొదలే అంటె అయిపోను గదా బిడ్డా" అని, కంది విత్తనాల కోసం స్టోరు వైపు నడిచాడు. అతని వెనకే మిగతావాళ్ళూ పోయారు. ఎవరి ఇంటి లక్ష్మీ మూట సర్దుకోలేదు.

తర్వాత ఇంజనీరు కనబడని ఫైళ్ళు చూపించే మాట కొట్టి "లోపల" అరలన్నీ బయట పెట్టాడు. రాజేశ్వర్ రావు గారి అరలో తిరుపతికి పోవడానికి పెట్టుకున్న సెలవు చీటీ ఒక్కటే, రకరకాల ఇంగ్లీషుల్లో, కుప్పలుగా ఉంది. వెంకట్రాజం కూర్చుని, అసలు ఆజ్ఞతో, నిజంగా చెరిపేశాడు. మొదటి ఫైలు చెరిపినప్పుడు కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత అవసరం పడలేదు.

ఆఫీసరు పోతూ పోతూ, అందరి తెరలూ యథాప్రకారం ఇంగ్లీషులో పెట్టాలని చెప్పి కారెక్కారు. రాజేశ్వర్ రావు గారు ధైర్యం చేసి, "సార్, మరి ఈ పిల్లగాని పర్మనెంటు..." అన్నారు.

"ఆ, ఆర్డర్ రేపొస్తది" అన్నారు ఆఫీసరు.

కారు పోయింది. వెంకట్రాజం, నేను మెట్ల మీద నిలబడ్డాం. ఆ మాటకు అర్థం ప్రపంచంలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అతను నవ్వాడు, నాకు ఏడుపొచ్చింది.

జులై, ఆగస్టు గడిచాయి. ఆర్డర్ రాలేదు. బతుకమ్మ పండగ అయింది, దసరా వచ్చింది. మర్నాడు ఆఫీసులో జమ్మి ఆకు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటున్నాం. గుమ్మంలో వీరమల్లయ్య సేటు కనబడ్డాడు. తెల్లటి ధోవతి, భుజాన కండువా, చేతిలో గల్లా తాళంచెవి. రాజేశ్వర్ రావు గారు కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు. తిన్నగా కొడుకు ముందుకొచ్చాడు. వెంకట్రాజం జమ్మి ఆకు తండ్రి చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టాడు.

"ఆర్డర్ అచ్చిందా?" అన్నాడు సేటు.

"లేదు బాపూ" అన్నాడు.

సేటు మొహం చిట్లించాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత కొడుకు నోట ఆయన ఆ మాట వినడం అదే మొదటిసారి. పండగపూట, అంతమందిలో. ఆయన చెయ్యి చెవి దాకా లేచి ఆగింది.

"మరి మాట మాటే గదా. గల్లా కాడికి ఎప్పుడొస్తవు?"

మేమంతా వెంకట్రాజం వైపు చూశాం. లేదు అనడం నేర్చాడు గదా, ఇంకోసారి అనేస్తాడనుకున్నాను. అతను తండ్రి చేతిలోని తాళంచెవిని చూశాడు, తండ్రి మొహం చూశాడు. ఎంతో మర్యాదగా, ఎంతో ప్రేమగా చెప్పాడు.

"రేపొస్త బాపూ."

ఆ మాట సేటుది. నలభై ఏళ్ళ దుకాణదారీలో ఎందరి మొహాన అన్నాడో ఆయనకే తెలియదు. ఎవరూ దానికి తిరిగి జవాబు చెప్పలేకపోయారని మాత్రం తెలుసు. ఆయన తాళంచెవి మెల్లగా బొడ్లో దోపుకున్నాడు. జమ్మి ఆకు పారెయ్యలేదు, జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి "వస్త మరి" అన్నాడు.

"మంచిగ పోయిరా బాపూ" అన్నాడు వెంకట్రాజం.

ఇప్పుడు ఎనభై తొమ్మిది. ఆర్డర్ ఇంకా రాలేదు. వెంకట్రాజాన్ని ఎవరూ తీసెయ్యనూ లేదు, ఎందుకంటే తీసెయ్యాలన్నా ఆర్డరే రావాలి. అందరి తెరలూ ఇంగ్లీషులోకి పోయాయి గానీ, అతని చుక్క ఫైలు అతనికి ఉంది. దిష్టి చుక్క పెట్టిందాన్ని ఆఫీసరు మాత్రం ఎట్లా చూస్తాడు? అందులో "వస్త" ఉంది, "సాగనంపు" ఉంది. అక్షరం తప్పు కొడితే మాత్రం ఇప్పుడు "లేదు. రేపు కూడ రాదు" అని పడుతుంది.

మొన్న పసుపు కొనడానికి సేటు దుకాణానికి పోయాను. గల్లా దగ్గర ఆయనొక్కడే ఉన్నాడు, పక్కన కూర్చునేందుకు ఇంకో మెత్త ఖాళీగా పరిచి ఉంది. నా ముందున్న రైతెవరో ఊరికే పలకరింపుగా, "సేటూ, కొడుకేడి, కనబడ్తలేడు?" అన్నాడు.

సేటు పొట్లం కడుతూ, కళ్ళద్దాల మీదుగా ఆ ఖాళీ మెత్త వైపు ఒకసారి చూశాడు.

"రేపొస్తడు" అన్నాడు.